మూడు చెంబుల నీళ్ళు

మొదటి గురువారం

ఇవాళ ఇరవైకి పదకొండు.

ఆఫీసు రిజిస్టరులో ఈ అంకె వేస్తే నా పని అయిపోయినట్టే. పక్కన వ్యాఖ్యల గడి ఉంటుంది గానీ అది బొటనవేలి గోరంత. "సాధారణం" అన్న మాట తప్ప అందులో ఇంకేదీ పట్టదు. ఇవాళ్టిది సాధారణం కాదు. అందుకని బీరువా అడుగున పడున్న ఈ పాత నోటుబుక్కు తీసి రాస్తున్నాను.

నా పేరు సుగుణ. ఈ గుట్టమీది పశు కేంద్రంలో గొర్రెల కండ ఎలా పెరుగుతుంది, మాంసం ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా ఎందుకుంటుంది అని పదకొండేళ్ళుగా పరిశోధిస్తున్నాను. విభాగమంటే నేను, ఒక కోత యంత్రం, ఒక ఫ్రిజ్జు. పట్నంలో గొర్రె లేకుండానే తొట్లలో పెంచిన మాంసం తిని తిని విసిగినవాళ్ళు మా గొర్రెమాంసం కోసం ఆరునెలల ముందే పేరు రాయించుకుంటారు. దొరికిన రోజున తిని, "కొంచెం గట్టిగా ఉందేం?" అని మాకు ఉత్తరం రాస్తారు. ఆ ఉత్తరాలకు జవాబు చెప్పడం కూడా నా పరిశోధనలో భాగమే.

గురువారం కోతరోజు. ఇరవై గొర్రెలు ఒక్కొక్కటే నాపరాళ్ళ గచ్చు మీదికి వస్తాయి. గట్టయ్య మామ గంగాళంలోంచి పసుపు, కర్పూరం కలిపిన నీళ్ళు చెంబుతో ముంచి, గొర్రె తలమీద నుంచి వెన్నుదాకా పోసి అడుగుతాడు.

"ఒప్పుకుంటె ఒళ్లు ఇదిలియ్యి తల్లీ. ఒప్పుకోకుంటె పొయ్యి మేసుకో."

గొర్రె ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. పైనున్న కెమెరా అది చూస్తుంది, ఒక ఆడగొంతు "సమ్మతి నమోదైంది" అంటుంది, ఎడమ తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు అవతల పనంతా యంత్రాలదే, మనుషులుండరు. మూడు చెంబులు పోసినా విదిలించకపోతే కుడి తలుపు తెరుచుకుంటుంది. దాని చెవికి పసుపు బిళ్ళ వేసి మందలోకి తోలేస్తాం. ఇక బతికినన్నాళ్ళూ దాన్ని మళ్ళీ అడగకూడదు.

గుట్ట కింది ఊళ్ళలో తాతల నాటినుంచి ఉన్న ఆనవాయితీ ఇది. పట్నంవాళ్ళు దానికి సెక్షను నంబర్లు వేసి సమ్మతి చట్టం అని పేరు పెట్టుకున్నారు. అడిగే చెయ్యి మాత్రం మనిషిదే అయుండాలని అందులో రాశారు. అలా గట్టయ్య మామకు లైసెన్సు వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయనే అడుగుతున్నాడు.

నేనొచ్చిన కొత్తలో ఇరవైకి పద్దెనిమిది, పంతొమ్మిది ఒప్పుకునేవి. పోయినేడు పద్నాలుగు. ఇవాళ పదకొండు. పదికంటే తగ్గి, వరసగా మూడు గురువారాలు అలాగే ఉంటే అడిగే చెయ్యి చెడినట్టు లెక్కట. లైసెన్సు రద్దు, క్వార్టరు ఖాళీ. గొర్రెల మనసు తెలుసుకోవడానికి రాసిన చట్టంలో మనిషికి మాత్రం మూడు వారాల గడువు పెట్టారు.

గట్టయ్య మామ గచ్చు కడుగుతూ, "ఏందోనమ్మా, ఇయ్యాల అన్ని నా మొకమే చూసుకుంట నిలవడ్డయ్" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

రెండో గురువారం

తొమ్మిది.

పదకొండు గొర్రెలు మూడేసి చెంబులు పోయించుకుని, చుక్కలు కారుతూ, కన్ను ఆర్పకుండా నిలబడ్డాయి. పదిహేడో గొర్రె అయితే గచ్చు మీద నిలబడే నెమరు వేసింది. గట్టయ్య మామ గొంతు చివరికొచ్చేసరికి బొంగురుపోయింది. అలా బొంగురుపోవడం నేను ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం డైరెక్టరు హైమవతిగారు గదికి పిలిచారు. ఆవిడ కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్ళయింది. ఎంత చేదు మాటైనా టీ ఇచ్చి మరీ చెబుతారు.

"మీ దాణా ఏవైనా తేడా చేసిందేమోనండీ సుగుణగారూ? మందకి మందే మొద్దుబారిపోయినట్టుంది."

కండ పెరగాలని రెండేళ్ళుగా నేను పెడుతున్న తొమ్మిదో నంబరు దాణా గురించి ఆవిడ అడిగేది. అది కండనూ పెంచలేదు, ఎముకనూ పెంచలేదు. గొర్రెలు ఇష్టంగా తింటాయి, అంతవరకే దాని విజయం. కానీ తప్పు ఎవరో ఒకరి మీద పడి తీరుతుంది కాబట్టి, గట్టయ్య మామ చేతిమీద పడే బదులు నా దాణా మీద పడితే నయమనిపించింది. ఇవాళే ఆపేస్తానన్నాను.

"ఆపెయ్యండి. కాయితం మీద మాత్రం నడుస్తున్నట్టే ఉంచండి. ఏడాది మధ్యలో ప్రయోగం ఆగిందంటే పైవాళ్ళు సవాలక్ష అడుగుతారు" అన్నారు.

సాయంత్రం గట్టయ్య మామ భార్య లచ్చవ్వ మా వాకిట్లోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది.

"పొద్దటిసంది మెతుకు ముట్టలే బిడ్డా. మందల కూసోని ఒక్కొక్క గొర్రెను బతిమాలుతుండు, నాతోని ఏం తప్పయింది చెప్పుమని. నేను చెప్తె ఇంటడా? నువ్వు సదువుకున్నదానివి, నువ్వన్న చెప్పు."

"క్వార్టరు పోతే ఎక్కడికి పోతారు అత్తా?"

"ఇంకెక్కడికి? కింద బస్తీల, ఇరవై మూడో అంతస్తుల ఇస్తరంట. ఆడ కోడిపిల్లను గూడ పెంచుకోనియ్యరు. గొర్ల సప్పుడు లేకుంటె ఈయనకు నిద్రనే రాదు. ఆడికి పోతె ఏడాది బతుకడు."

లచ్చవ్వ ఏడవలేదు. జరగబోయేది జరిగిపోయినట్టే చెప్పి వెళ్ళింది. 

శుక్రవారం

ఆ తొమ్మిది గొర్రెల మాంసం పరీక్షించాను. వెన్నుకండ ముక్కను కోత యంత్రంలో పెడితే, దాన్ని తెంపడానికి ఎంత బలం కావాలో యంత్రం చెబుతుంది. మూడు, నాలుగు కిలోలైతే మెత్తన. ఇవి ఏడు, ఏడున్నర. రంగు నలుపు, పట్టుకుంటే జిగట.

ఇందులో వింతేమీ లేదు. బెదిరిన గొర్రె కండలో ఉన్న చక్కెరంతా కోతకు ముందే ఖర్చయిపోతుంది. కోసిన తరవాత మాంసంలో రావలసిన పులుపు రాదు. అప్పుడది నల్లబడి, పీచులా తయారవుతుంది. ఇది మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. మా గొర్రెలు ఎందుకు బెదురుతున్నాయన్నదే పదకొండేళ్ళుగా నాకు అంతుపట్టలేదు. ఎవరూ అరవరు, కర్ర ఎత్తరు. గట్టయ్య మామ వాటితో కన్నబిడ్డలతో మాట్లాడినట్టు మాట్లాడతాడు.

రుచి చూడ్డానికి వంటాయన, ఇద్దరు గుమాస్తాలు, నేను కూర్చున్నాం. చిన్న గుమాస్తా నములుతూ నములుతూ, "మేడమ్, ఇంటికెళ్ళి మింగొచ్చా?" అన్నాడు. మామూలుగా అయితే నేనే ముందు నవ్వేదాన్ని.

ఆదివారం

నిన్నటి వానకు పాత కొట్టం గోడ కూలి ఒక పొట్టేలు చచ్చిపోయింది. చెవికి పసుపు బిళ్ళ ఉంది. బిళ్ళ ఉన్నవాటిని కొయ్యకూడదు గానీ, వాటంతట అవి చస్తే పరీక్ష చెయ్యొచ్చని చట్టంలో ఒక మూల ఉంది. నా పదకొండేళ్ళలో బిళ్ళ గొర్రె నా బల్ల మీదికి రావడం ఇదే మొదటిసారి. ముసలితనంతో చచ్చినవాటిని గట్టయ్య మామ పాతిపెట్టేస్తాడు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

వెన్నుకండ మామూలుకంటే వేలెడు మందం. ఆరేళ్ళ పొట్టేలు మాంసం యంత్రంలో తోలులా సాగుతుందనుకున్నాను. మూడు కిలోల నూట యాభై. యంత్రం చెడిందనుకుని మళ్ళీ పెట్టాను. మూడు కిలోల వంద.

ఇంత ముక్క ఉడికించి ఉప్పు కూడా వెయ్యకుండా తిన్నాను. ఇన్నేళ్ళుగా దేనికోసం వెతుకుతున్నానో అది ఆ ముక్కలో ఉంది. నాకు సంతోషం వెయ్యలేదు, అది ఇన్నాళ్ళూ నా కళ్ళెదుటే మేస్తోందని ఒళ్ళు మండిపోయింది.

మంగళవారం

మూడు రోజులు పాత రిజిస్టర్లలో తల దూర్చి కూర్చున్నాను. జవాబు దొరికింది. దాన్ని నా చేతిరాతలోనే చూసుకోవలసి వచ్చింది.

మందలో జతకట్టించే పొట్టేళ్ళను ఏటా ఎవరు ఎంచుతారు? గట్టయ్య మామ. ఆయనకు ముందు ఆయన తండ్రి. ఏవి ఎంచుతారు? పసుపు బిళ్ళ వేసినవే. దేవుడు వదిలిపెట్టినదాని సంతు మందకు మేలు అని వాళ్ళ నమ్మకం. ఆ జాబితా కింద సంతకం ఎవరిది? పదకొండేళ్ళుగా నాది. మంచి ఆచారం అని మురిసిపోతూ పెట్టాను.

నీళ్ళు పడగానే విదిలించేది బెదురుగొడ్డు. చల్లటి నీళ్ళకు అదిరిపడుతుంది, మేం ఒప్పుకుందంటాం. నిమ్మళంగా నిలబడేది భయం లేని గొర్రె. దాన్ని వదిలేస్తాం, వదిలేసి దానికే మందలోని ఆడగొర్రెలన్నీ అప్పగిస్తాం. బెదురువి కోతకు పోతాయి, నిమ్మళమైనవి పిల్లల్ని కంటాయి. ముప్పై ఏళ్ళు ఇలా చేస్తే మందంతా నిమ్మళమైపోక ఏమవుతుంది? బెదరని గొర్రె బాగా మేస్తుంది, కండపడుతుంది, దాని మాంసం మెత్తగా ఉంటుంది. నేను పదకొండేళ్ళు దాణాతో కొట్టుకున్నా రానిది, మేం వదిలెయ్యడం వల్ల దానంతట అది వచ్చింది. మందలో భయస్థులను ఏరి ఏరి తింటూ, మాంసం గట్టిగా ఉందేమిటా అని నేను యంత్రాలు పెట్టి కొలిచాను.

పరుగున వెళ్ళి గట్టయ్య మామకు చెప్పాను. ఆయన మళ్ళీ రెండురోజులుగా పస్తుండి, కొట్టం అరుగున కూర్చుని ఉన్నాడు.

"మామా, నీ చెయ్యి చెడలేదు. తప్పు మనం పొట్టేళ్ళను ఎంచడంలో ఉంది" అని అంతా వివరించాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "గంతేనా? ఒద్దన్నదాని పిల్లలు గూడ ఒద్దంటయ్. గీ ముచ్చట తెలుసుకునేతందుకు మూడు దినాలు బుక్కులు తిప్పినవా బిడ్డా?" అన్నాడు. చాలా రోజుల తరవాత ఆయన ముఖం తేటపడింది. ఆ వెంటనే మళ్ళీ అడిగాడు.

"అంటె ఇంక మందల ఒప్పుకునేటియి పుట్టనే పుట్టయా?"

"పుడతాయి. ఒకటీ అరా."

"మరింకేంది. ముప్పయ్యేండ్లు అడిగినం. మందకు మంద ఒక్కటై జవాబు చెప్పింది. ఇంక అడుగుడు బంద్ చేస్తె అయిపాయె."

"అడగడం ఆపితే లైసెన్సు పోతుంది మామా. ఇల్లు పోతుంది."

"పోతె పోనియ్."

ముసలివాళ్ళు అలాగే అంటారులే అనుకున్నాను. ఆ రాత్రి ఆయన కడుపునిండా తిన్నాడని లచ్చవ్వ కబురు పంపింది. నేను నివేదిక రాయడానికి కూర్చున్నాను.

మూడో గురువారం

ఎనిమిది. ఇంకొక్క గురువారం మిగిలింది.

నివేదిక తీసుకుని హైమవతిగారి గదికి వెళ్ళాను. ఆవిడ చివరి పేజీ దాకా చదివారు. అంత శ్రద్ధగా నా కాయితాలు చదివినవాళ్ళు ఇంతవరకూ లేరు. టీ తెప్పించారు. అప్పుడే నాకు అర్థమైంది.

"మీ లెక్క తప్పని నేననను. పైకి పంపితే ఏవర్థమవుద్దో చూడండి. గొర్రె ఒళ్ళు విదిలించడం ఒప్పుకోడం కాదు, తల్లిదండ్రుల్నించి వచ్చిన బెదురు. అంతేకదండీ? అంటే మనం ముప్పయ్యేళ్ళుగా కోసినవన్నీ ఒప్పుకున్నవి కాదన్నమాట, హడిలిపోయినవి. చట్టం పోద్ది, కేంద్రం పోద్ది, మీరూ నేనూ పోతాం. ఒక్క ముసలాయన కిందికెళ్తే ఇవన్నీ నిలబడతాయి."

"కొత్తాయన్ని పెట్టినా ఇదే అంకె వస్తుంది కదండీ?"

"కొత్తాయనకి కొత్తగా మూడు వారాలుంటాయి. ఆ తర్వాత ఇంకో కొత్తాయన. అలా నా రిటైర్మెంటు దాకా లాగొచ్చు. తాగండి, చల్లారిపోతోంది."

నివేదికను ఆవిడ సొరుగులో పెట్టి తాళం వేశారు. నాకు తిట్టాలనిపించింది, తిట్టలేదు. టీ తాగాను. అంతకంటే సిగ్గుమాలిన పని ఏముంది?

బుధవారం

దీన్ని ఏ రిజిస్టరులోనూ రాయలేను కనక ఇక్కడ రాస్తున్నాను.

పొదుగు వాచిన గొర్రెలకు రాసే పుదీనా నూనె మా మందుల గదిలో డబ్బాలకొద్దీ ఉంది. చర్మానికి తగిలితే మంచుగడ్డ పెట్టినట్టు జిల్లుమంటుంది. ఒక బకెట్టు పసుపునీళ్ళలో ఎనిమిది చుక్కలు గిలకొట్టి, మందలో అన్నిటికంటే నిమ్మళమైన మూడు గొర్రెల తలమీద పోశాను. మూడూ వానలో తడిసిన కుక్కల్లా విదిలించాయి. ఒకటి విదిలించి విదిలించి తూలింది.

కర్పూరం ఘాటు ముందు పుదీనా వాసన తెలియదు. కెమెరాకు ముక్కు లేదు.

సమ్మతి నీళ్ళలో కల్తీ చేస్తే ఏడేళ్ళ జైలు. భయం ఉంది, లేదనను. అయినా ఆయన ఇరవై మూడో అంతస్తులో కిటికీ దగ్గర కూర్చుని ఉండడం తలుచుకుంటే ఆ భయం చిన్నదైపోయింది. ఆయనకు మాత్రం చెప్పను. చెబితే ఒప్పుకోడు. అడగడమంటే ఆయనకు పూజ. తెలియకపోతే ఆయన తప్పేమీ ఉండదు, ఏదన్నా అయితే నా మీదే పడుతుంది. ఇది మంచి పనే అని నాకు నేను నాలుగుసార్లు చెప్పుకున్నాను.

నాలుగో గురువారం

పద్దెనిమిది!

తెల్లవారుజామున గంగాళంలో నేనే కలిపాను. మొదటి గొర్రె మొదటి చెంబుకే విదిలించింది. రెండోది, మూడోది. "సమ్మతి నమోదైంది" అని ఆడగొంతు ఊపిరి తిప్పుకోకుండా చెబుతోంది. గట్టయ్య మామ చెంబు పట్టుకుని నిలబడిపోయాడు, ఆయన కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ఆరో గొర్రె దగ్గర తడిచేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తరవాత కూడా ఆ నీళ్ళు ఆగలేదు. ఎర్రబడిన కళ్ళతోనే మిగిలిన పద్నాలుగింటికీ పోశాడు. ఒక ముసలాయన అంతగా ఆనందపడి ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది.

లచ్చవ్వ బెల్లం తెచ్చి అందరి నోట్లో పెట్టింది. హైమవతిగారు అంకె చూసి కనుబొమలెత్తారు. ఎలా అని మాత్రం అడగలేదు.

గట్టయ్య మామ ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళి పడుకున్నాడు. అలిసిపోయాడులే అనుకున్నాను.

శుక్రవారం

పద్దెనిమిదింటి వెన్నుకండలూ పరీక్షించాను. మూడు, మూడు కిలోల ఇరవై, మూడున్నర. ఇంత మెత్తటి మాంసం ఈ కేంద్రం నుంచి ఎప్పుడూ పోలేదు. చిన్న గుమాస్తా రెండోసారి పెట్టమని గిన్నె చాపాడు. వంటాయన కళ్ళు మూసుకుని నమిలాడు. బయటికి తోలేస్తే హాయిగా పోయి మేసుకునే గొర్రెలు ఇవి. మొన్నటిదాకా మేం తోలేసినట్టే వీటినీ తోలెయ్యాల్సింది. నా ముక్కను గొంతు దిగనివ్వడానికి నీళ్ళు తాగాను.

ఆరో గురువారం

పోయినవారం ఇరవైకి ఇరవై, ఈవారం ఇరవైకి ఇరవై. నూనె బకెట్టుకు పది చుక్కలకు పెంచాను.

పట్నం నుంచి పొగడ్తల ఉత్తరాలు సంచితో వస్తున్నాయి. మధ్యాహ్నం హైమవతిగారు అందరినీ హాలులో కూర్చోబెట్టి పైవాళ్ళ తాఖీదు చదివారు. మాంసం నాణ్యతలో అపూర్వ ప్రగతి సాధించినందుకు తొమ్మిదో నంబరు దాణాకు ఈ ఏటి పరిశోధన పురస్కారమట. ఆ దాణా మందకు పెట్టడం ఆపి నాలుగు వారాలైంది. నాకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో దాణా గోదాముకు తాళం వేసిన మనిషి కూడా ఉన్నాడు.

వచ్చే వారం నుంచి ఇరవై బదులు నలభై గొర్రెలు. గిరాకీ పెరిగిందట.

గట్టయ్య మామ హాలుకు రాలేదు.

శనివారం

ఆయన్ను వెతుక్కుంటూ మందలోకి వెళ్ళాను. ఒక గొర్రె గిట్టలో ముల్లు తీస్తున్నాడు. శాలువా తెచ్చి, ఇది నీదే మామా అని ఆయన భుజాన వేశాను. ఆయన దాన్ని తీసి మడతపెట్టి పక్కనున్న రాయి మీద పెట్టాడు.

"ఎన్ని సుక్కలు పోస్తున్నవ్ బిడ్డా?"

 ఏమిటి మామా అన్నాను. ఆ అబద్ధం నా చెవులకే అసహ్యంగా వినిపించింది.

"ఆరో గొర్రె కాడ్నే తెలిసింది. సంబురంతోని కండ్లు తుడుసుకున్న. రెండు కండ్లు మండిపోయినయ్. మంట గాదు, సల్లగ కోసినట్టు. పొదుగుకు రాసే నూనె నాకు ఎరుకలేదా? నేనే గద మీకు చూపిచ్చింది."

"అప్పుడే తెలిస్తే ఎందుకు ఆపలేదు?"

"పైన కెమెరా ఉన్నది. నడుమ ఆపితె నీళ్లు పరీక్షకు తీస్కపోతరు. నిన్ను పట్టుకపోతరు. ఏడేండ్లు." ముల్లు తీసి దూరంగా పారేశాడు. "గందుకే పోసిన. ఒప్పుకుంటె ఇదిలియ్యి తల్లీ అన్న. అది ఒప్పుకుంటలేదని తెలిసే అన్న. పద్నాలుగు సార్లు. పోయినవారం ఇరవై, మొన్న ఇరవై."

 "నీకోసమే చేశాను మామా. నువ్వు ఆ బస్తీలో బతకలేవని" అన్నాను.

"నాకోసమే చేసినవ్, కాదంటనా? నన్ను అడిగినవా మరి?" ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే భరించేదాన్ని. "పోతె పోనియ్ అన్న నేను. నువ్వు ఇన్నవ్ గూడ. గొర్రెను మూడుసార్లు అడగాలెనని చట్టం పెట్టిన్రు. నేను ఒక్కసారి చెప్తె నీకు ఆనలేదు."

 పదకొండేళ్ళు కండల లోపలికి సూదులు దించి చూశాను. ఎదుట కూర్చుని నోటితో చెప్పిన మనిషి మాట మాత్రం నా లెక్కలోకి రాలేదు. చాలా సిగ్గుపడుతున్నాను. సిగ్గుపడి ప్రయోజనం లేదు, అయినా రాస్తున్నాను.

"ఇప్పుడు ఆపేద్దాం. నేను పోయి అంతా చెప్పేస్తాను" అన్నాను.

"చెప్పి? నువ్వు జైలుకు, నేను నీతోని. ఇప్పుడు నేను గూడ దొంగనే గద. లచ్చవ్వ ఒక్కతే ఆడ ఇరవై మూడో అంతస్తుల. చెప్పకుంట ఆపితె ఇరవై ఒక్కపారే ఎనిమిదికి పడుతది, ఎందుకని తవ్వి తీస్తరు." ఆయన గొర్రెను వదిలేశాడు. అది నింపాదిగా వెళ్ళి మేత మొదలుపెట్టింది. "పో బిడ్డా. గురువారం ఎప్పటిలెక్కనే కలుపు. నీకోసం పోస్త."

ఏడో గురువారం

నలభైకి నలభై.

పొద్దున గంగాళం దగ్గరికి ఆయన నాకంటే ముందే వచ్చాడు. దాచుకోవాల్సిన అవసరం లేదు కనక ఆయన ఎదుటే కలిపాను. పసుపు, కర్పూరం, ఆ తరవాత నూనె. ఆయన కళ్ళు ఇంకా ఎరుపు తగ్గలేదు. చేతులకు మోచేతిదాకా రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన చేతులకు తొడుగులు ఉండడం ఇదే మొదటిసారి.

మొదటి గొర్రె గచ్చు మీదికి వచ్చింది. ఏ బెదురూ లేకుండా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గట్టయ్య మామ చెంబు ముంచి, పొయ్యకుండా నా వైపు తిరిగాడు.  నేను ఏమన్నా అంటానేమోనని ఆగాడు.

ఇలా చెయ్యడం నీకు ఇష్టమేనా మామా అని అప్పుడు అడగొచ్చు. మాట నోటిదాకా వచ్చింది. అడిగితే వద్దంటాడని నాకు తెలుసు. వద్దని ఆపితే నీళ్ళు పరీక్షకు పోతాయి, నేను ఏడేళ్ళు జైల్లో ఉండాలి.

కెమెరా వెలిగింది.

"కానివ్వు మామా" అన్నాను.